‘ఎ’, ‘యాన్’ నాకు నేర్పింది ఎవరు

ఇది రాసిపెట్టకపోతే అబద్ధమే మిగులుతుంది. జగ్గయ్యపేటలో నన్నెరిగిన వాళ్ళు, ముఖ్యంగా నేను ఆరేళ్ళు ఆయాగా పనిచేసిన ఇంగ్లిష్ మీడియం స్కూలు వాళ్ళు, నాకొచ్చిన ఆ కాస్త ఇంగ్లిష్ ఒక టీచరమ్మ దయవల్ల వచ్చిందనుకుంటున్నారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మైకు ముందు నిలబడి ఆ మాట చెప్పింది నేనే. దాన్ని కాదని చెప్పడానికి నాకు మళ్ళీ మైకు ఎవరూ ఇవ్వరు గనుక కాగితం మీద రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. పేర్లు రాస్తే చదివేవాళ్ళ దృష్టి మనుషుల మీదికి పోతుంది. నాకు కావలసింది నా చదువు ఎక్కడిదో తేలడం ఒక్కటే.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. అప్పుడు నేర్చిన ఇంగ్లిష్ అక్షరాలు ఇరవై ఏళ్ళ తరవాత చేతిలో మిగల్లేదు. తెలుగు మాత్రం పోలేదు, ఎందుకంటే ఏది దొరికితే అది చదివే అలవాటు నాకు ముందునుంచీ ఉంది. స్కూల్లో చేరాక ఆ అలవాటుకు ఒక చోటు దొరికింది. మా శాఖా గ్రంథాలయం సాయంత్రం ఏడింటి దాకా తెరిచి ఉంటుంది, శుక్రవారం సెలవు. వ్యాన్‌లో చివరి పిల్లను దింపేసరికి అయిదయ్యేది. డ్రైవరు నన్ను లైబ్రరీ మలుపులో దింపి, “దిగు వదినా, కలెక్టర్ పరీక్షకి టైమవుతుంది” అనేవాడు.

తెలుగు బీరువాలు రెండేళ్ళలో అయిపోయాయి. అయిపోయాయంటే నిజంగానే అయిపోయాయి. కోళ్ళ పెంపకం పుస్తకంతో సహా చదివాను. ఇక మిగిలింది ఇంగ్లిష్ బీరువా. అందులో అట్ట ఊడిన వ్యాకరణం పుస్తకం ఒకటి ఉంది. మొదటి పేజీలు చిరిగిపోయి అది ఆర్టికల్స్ పాఠం దగ్గర మొదలయ్యేది. అందుకే నా ఇంగ్లిష్ కూడా ఆర్టికల్స్ దగ్గరే మొదలైంది. పక్కన ఖాళీల్లో ఎవరో ఎప్పుడో పెన్సిలుతో సన్నగా తెలుగు అర్థాలు రాసి ఉంచారు. ఆ పెన్సిల్ రాత లేకపోతే నేను ఆ పుస్తకాన్ని రెండో రోజే బీరువాలో పెట్టేసేదాన్ని.

పుస్తకంలో చదివింది నిజమో కాదో చూసుకోవడానికి ఇంగ్లిష్ పేపరు తీసుకునేదాన్ని. అర్థం అయ్యేది కాదు. ‘ఎ’, ‘యాన్’ మాత్రం వెతికేదాన్ని, వేలు పెట్టి వరసవెంట. లైబ్రేరియన్ గారు వారం రోజులు చూసి ఊరుకున్నారు, ఎనిమిదో రోజు అడిగారు.

“ఏం వెతుకుతున్నావమ్మా అందులో? ఉద్యోగాలా?”

“కాదండీ. ‘యాన్’లు.”

“ఏంటీ?”

“‘యాన్’లండీ. ఈ పేజీలో పదకొండున్నాయి.”

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. మర్నాటినుంచి నిన్నటి పేపరు నా కోసం విడిగా తీసిపెట్టేవారు. ఈరోజు పేపరుకైతే మిగతావాళ్ళు పోటీ పడతారు, నిన్నటిదైతే నీ ఇష్టం వచ్చినంతసేపు వేలు పెట్టుకోవచ్చు అన్నారు.

ఆ వెతుకులాటలో నాకొకటి తట్టింది. ఏ పుస్తకంలోనూ నాకది కనపడలేదు. ఇంగ్లిష్ మాటని తెలుగు లిపిలో రాసి చూడాలి. మొదటి అక్షరం అచ్చు అయితే ‘యాన్’, హల్లు అయితే ‘ఎ’. గంటని చెప్పే అవర్ అంటే అచ్చు, ‘యాన్’. యూనివర్సిటీ అంటే హల్లు, ‘ఎ’. ఇంగ్లిష్‌లో దాని మొదటి అక్షరం ఏదైనా కానీయండి, తెలుగు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది. నేను రోజూ ఎక్కించి దించే పిల్లల్లోనే ఉంది లెక్కంతా: ఎల్కేజీ పిల్లకు ‘యాన్’, యూకేజీ పిల్లకు ‘ఎ’. ఆఫీసుల్లో ఎమ్మార్వోకు ‘యాన్’, వీఆర్వోకు ‘ఎ’. ఇది తట్టిన రోజు లైబ్రరీనుంచి ఇంటిదాకా కనపడిన ప్రతి బోర్డునూ తెలుగులో చదువుకుంటూ నడిచాను.

డ్రైవరుకు చెబితే, “మరి మనోళ్ళు యెగ్గు, యెల్కేజీ అని ముందో ‘య’ తగిలిస్తారుగా వదినా. వాళ్ళకి ఎట్టా?” అన్నాడు.

“వాళ్ళు ముందు తెలుగు నేర్చుకోవాలి” అన్నాను.

అతనికి అది తెగ నచ్చి నెల రోజులు పిల్లలందరికీ చెప్పాడు.

తెలుగులో ఈ ‘ఎ’కి సరైన జోడీ లేదని చాలామంది అంటారు. నాకు అలా అనిపించలేదు. కథ చెప్పేటప్పుడు మనం అనగనగా ఒక రాజు అంటాం. రెండో వాక్యానికి ఆ రాజు అయిపోతాడు. ఆ మొదటి ‘ఒక’ దగ్గర ‘ఎ’, తరవాతి ‘ఆ’ దగ్గర ‘ది’. కాకపోతే మనం కొన్నిచోట్ల ‘ఒక’ని వదిలేస్తాం. మా నాన్న డ్రైవరు అంటాం గానీ ఒక డ్రైవరు అనం. మా ఊరి పిల్లల తప్పులన్నీ అక్కడే. సిమెంటు దగ్గర మాత్రం ఉండకూడని ‘ఎ’ పెడతారు. సిమెంటుకు ‘ఎ’ రాదు, సిమెంటు బస్తాకు వస్తుంది. చుట్టూ ఫ్యాక్టరీలున్న ఊళ్ళో ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

ఇక టీచరమ్మ సంగతి. ఆమె నందిగామనుంచి రోజూ బస్సులో వచ్చేది. నాకన్నా పదేళ్ళు చిన్న. మూడు నుంచి అయిదో తరగతి దాకా ఇంగ్లిష్ చెప్పేది. ఒక మధ్యాహ్నం ఎల్కేజీ పిల్లల్ని పడుకోబెట్టే గదికి నోటుపుస్తకాల కట్ట తెచ్చుకుని, అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుందని నా పక్కన కూర్చుని దిద్దుతోంది. ఒకచోట తప్పుకు టిక్కు పెట్టి పేజీ తిప్పబోయింది. ఉండబట్టలేక, “మేడం, అక్కడ ‘యాన్’ రావాలేమో” అన్నాను.

ఆమె వెనక్కి తిప్పి చూసుకుంది. “నీకెట్లా తెలుసక్కా?”

చెప్పాను. లైబ్రరీ, పెన్సిల్ రాత, పేపరు, తెలుగులో రాసి చూడటం, అన్నీ. అంతవరకు నన్ను ఆయమ్మా అని పిలిచిన మనిషి అక్కా అన్నదని నేను అప్పుడే గమనించాను, సంతోషపడ్డాను కూడా. ఆమె నవ్వి తన ఎర్ర పెన్ను నా చేతిలో పెట్టింది.

“ఆర్టికల్స్ వరకు నువ్వు చూడు. మిగతాది నేను చూస్తా.”

అలా రెండేళ్ళు జరిగింది. పిల్లలు నిద్రపోయే గంటన్నరలో చాపల పక్కన కట్ట విప్పుకుని దిద్దేదాన్ని. లేని ‘ఎ’ రాసేదాన్ని, ఉండకూడనిదాన్ని చుట్టేదాన్ని. ఎవరు ఏ తప్పు చేస్తారో పుస్తకం తెరవకముందే తెలిసిపోయేది. మూడో తరగతిలో ఒక పాప ప్రతి మాటకు ముందూ ‘ఎ’ పెట్టేది, ఏమీ పెట్టకపోతే మేడం కొడుతుందేమోనని. మా వ్యాన్ పిల్లే. సీట్లో నా పక్కన కూర్చోబెట్టుకుని అచ్చులూ హల్లులూ అడుగుతూ నెల రోజుల్లో ఆ భయం పోగొట్టాను.

“నీకెవరు చెప్పారు ఆయమ్మా ఇదంతా?” అని అడిగితే, “లైబ్రరీ” అన్నాను.

“లైబ్రరీ మేడమా?”

“మేడం కాదే. పుస్తకాల ఇల్లు.”

రెండో ఏడు చివర్లో టీచరమ్మే ఆ మాట ఎత్తింది. “జూన్‌లో ఎల్కేజీకి అసిస్టెంట్ టీచరుని తీసుకుంటారంట అక్కా. డిగ్రీ అక్కర్లేదంట. కరస్పాండెంట్ సార్‌తో నేనే చెప్తా, రెండేళ్ళనుంచీ ఆమే దిద్దుతుందని.” ఆ మాట విన్నాక నాకు ఇంకో కోరిక లేకుండా పోయింది. ఆయా కాకుండా టీచరని పిలిపించుకోవడం గొప్ప అని కాదు. నేను చదువుకున్నాననే సంగతి ఇంకొకరి నోటితో బయటికి రావాలి. నాకు అదే కావాలి.

జూన్ రాకముందే ఒక తండ్రి స్కూలుకు వచ్చాడు. ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే మనిషి, కాగితాలు జాగ్రత్తగా చూసే అలవాటు. కొడుకు నోటుపుస్తకంలో ఎర్ర సిరా రాతలు రెండు రకాలుగా ఉన్నాయన్నాడు. నిజమే. నేను అక్షరాలు మళ్ళీ నేర్చింది అచ్చేసిన పుస్తకం చూసి. అచ్చులో చిన్న ‘ఎ’ నెత్తిమీద కొక్కెంలాంటి వంపు ఉంటుంది. చేతిరాతలో ఎవరూ ఆ వంపు పెట్టరట. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరి చేతిరాతా చూసి నేర్చుకోలేదు. నా ‘ఎ’లన్నిటికీ కొక్కేలున్నాయి.

కరస్పాండెంట్ సార్ టీచరమ్మని పిలిపించారు. కట్టలు నా గదిలో ఉంటాయని తెలిసి నన్నూ పిలిపించారు.

“మేడం, ఇదేంటి? ఇది మీ రాత కాదుగా?”

“నాదే సార్. బస్సులో దిద్దుతాను కదా, కుదుపులకి అక్షరం అలా పోతుంది.”

సార్ నావైపు తిరిగారు. “ఏమ్మా, నువ్వేమన్నా ముట్టుకుంటావా ఈ పుస్తకాలు?”

నేను టీచరమ్మ ముఖం చూశాను. ఇదే సమయం అనుకున్నాను, చెప్తుంది అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆమె అంది, “అయ్యో సార్, ఆమెకి అక్షరమ్ముక్క రాదు. కట్టలు మోయడం వరకే.”

నేను తల ఊపాను. ఆ ఊపడం ఇప్పటికీ నా మెడలో ఉంది.

ఆమెను తప్పుపట్టలేదు అప్పుడు. భయపడిందిలే, ఉద్యోగం పోతుందని నోటికొచ్చింది అనేసింది అని సర్దుకున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక, దిద్దిన కట్ట ఒకటి నా దగ్గరే ఉండిపోతే, ఇచ్చినట్టూ ఉంటుంది, మాట్లాడినట్టూ ఉంటుందని నందిగామ బస్సెక్కాను. ఇల్లు గాంధీ సెంటర్ దాటాక లోపలి వీధిలో. ఆమె బజారుకు వెళ్ళిందట. వాళ్ళత్తగారు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. నా ఒళ్ళో కట్ట చూసి జాలిపడింది.

“మా కోడలికి ఈ పుస్తకాలతోనే సరిపోతుందమ్మా. రెండేళ్ళనుంచీ బస్సులోనే దిద్దుతుందంట పాపం. మెడనొప్పి అంటది ఇంటికొస్తే. పొయ్యి దగ్గరికి రావొద్దులేమ్మా, పడుకో అంటా.”

“బస్సులోనా అండీ?”

“అవునమ్మా. సీటు దొరకపోయినా నిలబడి దిద్దుతుందంట. అంత ఇది.”

గ్లాసు కింద పెట్టాను. అంటే ఆ మాట మొన్న సార్ గదిలో భయంతో పుట్టింది కాదు. నేను చాప పక్కన కూర్చుని దిద్దిన మొదటి రోజుల్లోనే పుట్టి, ఈ ఇంట్లో రెండేళ్ళుగా అన్నం తిని పెరిగింది. నా గురించి సార్‌తో చెప్పాలని ఆమెకు ఎప్పుడూ లేదు. నన్ను అక్కా అని పిలిచిన ప్రతి మధ్యాహ్నం, సాయంత్రానికి నేను లేకుండా పోయేదాన్ని.

ఆమె కూరగాయల సంచితో వచ్చింది. నన్ను చూసి గుమ్మంలో ఆగింది. అత్తగారు, “ఎవరమ్మా?” అంటే, “మా స్కూల్ ఆయమ్మ అత్తయ్యా” అంది. వీధి చివరిదాకా నాతో నడిచింది.

“నా ఉద్యోగం పోయేదక్కా. పోతే అది నీకేం రాదుగా?”

“రాదు. అక్షరమ్ముక్క రాదని అనాలా మేడం?”

“గట్టిగా అనకపోతే నమ్మరక్కా.”

“మరి ఇంట్లో ఎవరు నమ్మరని బస్సులో దిద్దుతున్నానని చెప్పారు?”

ఎండగా ఉంది, ఆటో ఎక్కమంది ఆమె. నేను నడిచి బస్‌స్టాండుకు వెళ్ళాను.

సోమవారంనుంచి కట్ట ముట్టుకోలేదు. ఆమె తెచ్చి చాప పక్కన పెట్టేది, సాయంత్రం అలాగే తీసుకెళ్ళేది. నాలుగు రోజులకు పిల్లల పుస్తకాల్లో పేజీకి ఒక్క పెద్ద టిక్కు రావడం మొదలైంది. వ్యాన్‌లో మూడో తరగతి పాప తన పుస్తకం చూపించి, “ఇది తప్పు కదా ఆయమ్మా? మేడం టిక్కు పెట్టింది” అంది.

అక్షరమ్ముక్క రాని మనిషి ఏం చెప్పాలి? “తప్పే” అన్నాను, “తెలుగులో రాసి చూసుకో.” పాప రాసి చూసుకుంది. మర్నాడు క్లాసులో లేచి మేడంతో, ఇది తప్పు, ఆయమ్మ చెప్పింది, ఆయమ్మకు లైబ్రరీలో వచ్చింది అని చెప్పేసింది. సాయంత్రానికి ఇద్దరమూ మళ్ళీ సార్ గదిలో ఉన్నాం.

“ఏమ్మా, మొన్న రాదన్నారు?”

“వచ్చండి.”

సార్ తెల్లకాగితం ఇచ్చి పది మాటలు చెప్పారు. ముందు ‘ఎ’ పెట్టాలో ‘యాన్’ పెట్టాలో అసలేమీ పెట్టకూడదో రాయమన్నారు. రాశాను. ఆయన చదివి, కొక్కేల మీద వేలు పెట్టి, టీచరమ్మని చూశారు. ఆ క్షణం ఆమె బెదిరిపోతుందనుకున్నాను. బెదరలేదు.

“నేనే నేర్పా సార్” అంది. “చదువు లేదని బాధపడుతుంటే జాలేసి. తెలుగులో రాసుకుని చూడమని ఉపాయం చెప్పా. ఎవరికీ చెప్పొద్దంది, సిగ్గుపడి. అందుకే మొన్న మీతో అలా అన్నా.”

ఎంత అందంగా అమరిందో! నా ఉపాయం, నా మౌనం, నా తల ఊపడం, అన్నీ దాంట్లో ఇమిడిపోయాయి. నేను, “కాదండీ, లైబ్రరీలో…” అన్నాను. సార్ నవ్వారు. “లైబ్రరీలో పుస్తకాలుంటాయమ్మా, అవి వాటంతటవి చెప్పవుగా. ఎవరో ఒకరు నేర్పాలి.” ఆయనకు టీచరమ్మ చెప్పిందే బాగుంది. అడ్మిషన్ల రోజులు. ఆయాకు కూడా ఇంగ్లిష్ నేర్పే స్కూలు అని చెప్పుకోవచ్చు.

వార్షికోత్సవంలో ఆమెకు శాలువా కప్పుతామన్నారు. నన్ను స్టేజీ మీద రెండు ముక్కలు ఇంగ్లిష్‌లో చెప్పమన్నారు. సార్ స్వయంగా అన్నారు, “ఆ రోజు బాగా చెబితే జూన్‌లో ఎల్కేజీ అసిస్టెంటుగా నువ్వే.” టీచరమ్మ చీటీ మీద రాసిచ్చింది. రెండు వాక్యాలు: నేను ఒక ఆయాని, మా మేడం నాకు ఇంగ్లిష్ నేర్పారు. చీటీలో ఆర్టికల్ సరిగ్గానే ఉంది. ఈసారి ఎవరు దిద్దారో తెలియదు.

నేను చెప్పాను. ఇక్కడ మోసపోయింది నేనొక్కదాన్నే కాదు, మోసం చేసింది ఆమె ఒక్కతే కాదు. ఎల్కేజీ గదిలో బోర్డు ముందు నిలబడొచ్చనే ఆశతో నా ఆరేళ్ళ సాయంత్రాలను నా నోటితో నేనే ఆమెకు రాసిచ్చేశాను. చప్పట్లు కొట్టారు. స్టేజీ దిగుతుంటే ఆ పాప నెమలి వేషంలో మెట్ల దగ్గర నిలబడి ఉంది.

“లైబ్రరీ అన్నావుగా ఆయమ్మా?”

నేను చీటీ మడిచి గుప్పిట్లో దాచుకున్నాను. వాళ్ళ నృత్యం వంతు వచ్చి పిల్ల వెళ్ళిపోయింది. ఆ తరవాత వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చోవడం మొదలుపెట్టింది, నా పక్కకు రాలేదు.

జూన్‌లో అసిస్టెంటుగా డిగ్రీ చదివిన అమ్మాయి వచ్చింది. పేరెంట్స్ అడుగుతున్నారమ్మా, మేమేం చేస్తాం అన్నారు సార్. ఆ వారమే మానేశాను. ఇప్పుడు జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను. జనం తెచ్చే దరఖాస్తుల్లో ‘ఎ’ తప్పిపోతే అడిగి మరీ చేరుస్తాను. షాపాయన వద్దనడు.

ఆ రోజు మైకులో నేను చెప్పవలసిన కృతజ్ఞతలు ఇవి. నిన్నటి పేపరు తీసిపెట్టిన లైబ్రేరియన్ గారికి. చిరిగిన పుస్తకంలో పెన్సిలుతో అర్థాలు రాసి వెళ్ళిపోయిన, నేనెన్నడూ చూడని ఆ చదువరికి. రోజూ లైబ్రరీ మలుపులో వ్యాన్ ఆపి, నన్ను కలెక్టర్ని చేసిన డ్రైవరుకు. నా రాతలో కొక్కేలను కనిపెట్టిన ఆ తండ్రికి. నా చేతిరాత ఒకటుందని అంతమందిలో ఆయన ఒక్కడే గుర్తించాడు. ఎర్ర పెన్ను ఇచ్చినందుకు టీచరమ్మకు; పెన్ను ఇచ్చింది, ఇంగ్లిష్ నేర్పలేదు. ఇప్పుడు అయిదో తరగతికి వచ్చి ఉంటుంది ఆ పాప. నేను తప్పు చెప్పినప్పుడు నన్ను దిద్దింది తనే. అందరికన్నా పెద్ద కృతజ్ఞత ఆ పిల్లకు. లైబ్రరీ అన్న మాట నిజమేనమ్మా.